మైటోట్రాకర్ వేస్తే కణమంతా ఎర్రమబ్బులా వస్తోంది, తప్పెక్కడ?

ఉద్దానం_నీరు
హెచ్‌కే-2 కణాలు పెంచుతున్నాం, మనిషి మూత్రపిండం ప్రాక్సిమల్ ట్యూబ్యూల్‌వి. మూత్రపిండాల జబ్బు ఎక్కువగా ఉన్న ఉద్దానం ప్రాంతంలో (శ్రీకాకుళం జిల్లా) కవిటి, వజ్రపుకొత్తూరు వైపు బోరునీళ్ళు 24 గంటలు తగిలించి, మైటోకాండ్రియా ఎలగ ఉన్నాయో కణాలు బతికుండగానే చూడాలి. మైటోకాండ్రియాలో చేరి ఎర్రగా మెరిసే రంగు మైటోట్రాకర్ రెడ్ సీఎమ్‌ఎక్స్‌రాస్ 500 నానోమోలార్, 37 డిగ్రీల్లో 45 నిమిషాలు. ఒకసారి పీబీఎస్ అనే ఉప్పు బఫర్‌తో కడిగి చూస్తున్నాం. పుస్తకాల్లో దారాలు దారాలుగా ఉంటాయి కదా, మాకు కణమంతా ఒకటే ఎర్రమబ్బు. కేంద్రకం లోపల కూడా రెండు మూడు ఎర్రచుక్కలు. నీళ్ళు తగిలినవీ తగలనివీ ఒకేలా ఉన్నాయి. రంగు పాడయిందంటారా? కొత్త వయల్ అడిగితే గైడ్‌గారి మొహం చూడలేం.

జీడిపప్పు
500 నానోమోలారా! పెళ్ళికూతురికి నలుగు పెట్టినట్టు పెట్టారేటి బాబూ.

చీకటిగది
రంగు పాడవలేదు, ఎక్కువయింది. ఆ రంగుకి వాడుక 25 నుంచి 500 నానోమోలార్ దాకా రాసుంటుంది గానీ, పై అంకె కణాలని ఫిక్స్ చేసి, అంటే రసాయనంతో ఉన్నవున్నట్టు బిగించి, యాంటీబాడీలు కూడా వేసేవాళ్ళ కోసం. బతికున్న కణాన్ని అలాగే చూడాలంటే 25–100 చాలు, 15–30 నిమిషాలు చాలు.

మబ్బు ఎందుకొస్తుందంటే, ఇది ధనావేశం ఉన్న రంగు. మైటోకాండ్రియా లోపల రుణావేశం ఉంది కాబట్టి అక్కడికి లాక్కుపోతుంది. అక్కడ నిండిపోయాక మిగిలింది సైటోప్లాజంలో, ఆర్‌ఎన్‌ఏ మీద కూర్చుంటుంది. మీ కేంద్రకంలోని ఎర్రచుక్కలు న్యూక్లియోలైలు (ఒక్కటైతే న్యూక్లియోలస్), ఆర్‌ఎన్‌ఏ దట్టంగా ఉండే ముద్దలు. న్యూక్లియోలస్ మెరిసిందంటే రెండే కారణాలు: రంగు మరీ ఎక్కువ, లేదా మైటోకాండ్రియా పొటెన్షియల్, అంటే దాని పొరకి అటూ ఇటూ ఉన్న విద్యుత్ తేడా, పడిపోయి రంగు బయటికి వచ్చేసింది. నీళ్ళు తగలని కణాల్లోనూ అలాగే ఉందంటే మొదటిదే.

ఉద్దానం_నీరు
అక్కా, 50 మైక్రోగ్రాముల వయల్. దాన్ని 100 మైక్రోలీటర్ల డీఎంఎస్‌ఓలో కరిగించి అలాగే వాడుతున్నాం. లెక్క సరేనా?

చీకటిగది
దగ్గరగానే ఉంది. ఆ రంగు అణుభారం 531.5. 50 మైక్రోగ్రాములంటే 94 నానోమోల్స్, కాబట్టి 94 మైక్రోలీటర్లు పోస్తే సరిగ్గా 1 మిల్లీమోలార్. మీరు 100 పోశారు, కొంచెం పలచన, నష్టం లేదు.

అసలు పొరపాటు తర్వాత జరుగుతుంది. 1 మిల్లీమోలార్ నుంచి 50 నానోమోలార్‌కి ఒకే దూకుడులో పోవద్దు, 1 మి.లీ.కి 0.05 మైక్రోలీటర్ తియ్యాలి, అది పిపెట్‌కి అందదు. ముందు 1 మైక్రోలీటర్ తీసి 1 మి.లీ. వెచ్చటి మీడియంలో కలపండి, అది 1 మైక్రోమోలార్. అందులోంచి 50 మైక్రోలీటర్లు తీసి 950 మీడియంలో కలిపితే 50 నానోమోలార్. ఆ కలిపిన మీడియంనే కణాల మీద పొయ్యండి. గాఢమైన రంగుని డిష్‌లో చుక్క వేసి ఊపితే, చుక్క పడ్డచోట కణాలు మాడి, అంచున రంగే అందదు. చివర్లో డీఎంఎస్‌ఓ 0.1 శాతం దాటకూడదు.

స్టాక్‌ని 2–5 మైక్రోలీటర్ల చొప్పున చిన్న ట్యూబుల్లో పంచి, రేకు చుట్టి, మైనస్ 20లో పెట్టండి. తీసిన ట్యూబు మళ్ళీ గడ్డకట్టించొద్దు.

నాగావళి_గట్టు
ఇంకోటి. ఫ్రీజర్‌లోంచి తీసిన ట్యూబుని వెంటనే తెరవొద్దు, గది వేడికి వచ్చేదాకా మూతతోనే ఉంచాలి. మన సముద్రపు గాలికి చల్లటి ట్యూబు తెరిస్తే లోపల చెమట పట్టేస్తుంది, డీఎంఎస్‌ఓకి నీళ్ళు తాగే గుణం ముందే ఉంది. నీళ్ళు కలిస్తే క్లోరోమిథైల్ గుంపు ఉన్న రంగులు మెల్లగా పాడవుతాయి. డీఎంఎస్‌ఓ 18.5 డిగ్రీలకే గడ్డకడుతుంది కాబట్టి ఏసీ గదిలో గట్టిగా ఉంటే పాడయిందని పారేయొద్దు.

అరసవల్లి_కిరణం
రంగు సంగతి సరే, చూస్తున్నది దేంతో? ఆబ్జెక్టివ్ మీద రాసున్నది చదివి చెప్పండి. డిష్ గాజుదా ప్లాస్టిక్‌దా?

ఉద్దానం_నీరు
ఇన్వర్టెడ్ మైక్రోస్కోప్, మెర్క్యురీ లాంప్. 40ఎక్స్, 0.60 అని ఉంది. 35 మి.మీ. ప్లాస్టిక్ డిష్.

అరసవల్లి_కిరణం
అయితే మబ్బులో సగం మీ కటకానిదే. రెండు చుక్కలు విడివిడిగా కనిపించాలంటే మధ్య ఎంత దూరం ఉండాలో లెక్క: 0.61 గుణించు తరంగదైర్ఘ్యం, భాగించు ఎన్‌ఏ (కటకం ఎంత వెలుగు పట్టగలదో చెప్పే అంకె, మీ దాని మీద రాసున్న 0.60). మీ రంగు వెలుగు 599 నానోమీటర్లు. 0.60 ఎన్‌ఏకి 609 నానోమీటర్లు వస్తుంది. మైటోకాండ్రియా దారం మందమే సుమారు 500. పక్కపక్కన ఉన్న రెండు దారాలు మీకు ఒక ముద్దలా కనిపిస్తే వింతేముంది? 60ఎక్స్, 1.4 ఆయిల్ (కటకానికీ గాజుకీ మధ్య నూనె చుక్క వేసేది) అయితే అదే లెక్క 261కి దిగుతుంది.

ఆయిల్ ఆబ్జెక్టివ్‌కి ప్లాస్టిక్ డిష్ పనికిరాదు. అది 0.17 మి.మీ. కవర్‌స్లిప్ కోసం చేసిన కటకం, మీ డిష్ అడుగు దాదాపు 1 మి.మీ. ఫోకసే అందదు. పైగా ప్లాస్టిక్ తనే మెరుస్తుంది. గాజు అడుగున్న డిష్ కొనండి, 1.5 నంబరు గాజు. డబ్బు లేకపోతే మామూలు డిష్‌లో 1.5 నంబరు కవర్‌స్లిప్ వేసి దాని మీద కణాలు పెంచి, చూసేప్పుడు స్లైడ్ మీద మీడియం చుక్కలో బోర్లించండి. పది నిమిషాల్లో చూడటం అయిపోవాలి, తర్వాత కణాలకి ఊపిరాడదు.

ఇంకా, కణం మధ్యలో చూడొద్దు, అక్కడ మందం. అంచున పల్చగా పరుచుకున్నచోట చూడండి. ఎంత పాత మైక్రోస్కోప్ అయినా అక్కడ దారాలు దొరుకుతాయి.

జీడిపప్పు
మీ పేరుకి తగ్గ పోస్టు గురువుగారూ. అరసవల్లిలో స్వామి పాదాల మీద కిరణం మార్చిలో కొన్నిరోజులు, అక్టోబర్లో కొన్నిరోజులే పడుద్ది. ఈ పరిశోధకులు కణాల మీద గంటలకొద్దీ లాంప్ తెరిచి ఉంచుతారు.

అరసవల్లి_కిరణం
నవ్వులాటకి అన్నా అసలు మాట అదే. రంగు అణువు వెలుగు తాగి ఆక్సిజన్‌కి అంటిస్తుంది, అక్కడే మైటోకాండ్రియా లోపలే. పొడుగు దారాలు మీ కళ్ళముందే పూసల్లా తెగి, ఉబ్బి, గుండ్రంగా అవుతాయి. అప్పుడు బోరునీళ్ళ వల్ల తెగాయా, లాంప్ వల్ల తెగాయా తేల్చేదెలా?

లాంప్‌కి ఎన్‌డీ ఫిల్టర్ (వెలుగుని మసకబార్చే అద్దం) వేసి వెలుగు తగ్గించండి. ఫోకస్‌ని మామూలు వెలుగులో, ఫేజ్‌లో పెట్టుకుని, ఫ్లోరెసెన్స్ షట్టర్ కెమెరా తీసే క్షణానికే తెరవాలి. పక్క చోటికి జరిగి కొత్త కణాలు ఫొటో తియ్యండి, ఫోకస్ కోసం కాల్చిన కణాలు కాదు. పరీక్ష సులువు: నీళ్ళు తగలని కణాలని అదే వెలుగుతో పదిసార్లు తీసి చూడండి. ఆకారం మారిందంటే వెలుగు ఎక్కువ.

గంటస్తంభం
అందరూ మబ్బు గురించే మాట్లాడుతున్నారు. అసలు ప్రశ్న వేరు కదా. బోరునీళ్ళు మైటోకాండ్రియాని దెబ్బతీశాయా లేదా చూడాలి. దానికి సీఎమ్‌ఎక్స్‌రాస్ వెలుగు కొలిస్తే సరిపోతుంది, పొటెన్షియల్ తగ్గితే రంగు తక్కువ చేరుతుంది. నలుగురూ చేసేదే.

చీకటిగది
నలుగురూ చేసేదే, నలుగురూ తప్పు చేసేదే. సీఎమ్‌ఎక్స్‌రాస్ లోపలికి పోయాక ప్రోటీన్ల మీదుండే థయాల్ (గంధకం) గుంపులకి అతుక్కుంటుంది. ఒకసారి అతుక్కున్నాక పొటెన్షియల్ పడిపోయినా రంగు కదలదు. రంగు వేసిన అరగంటలో ఏముందో అదే చూపిస్తుంది, తర్వాత సంగతి చెప్పదు. పైగా కణంలో థయాళ్ళు తగ్గినా పెరిగినా వెలుగు మారుతుంది. ఆక్సిడేటివ్ స్ట్రెస్ అనుమానంతో చేసే ప్రయోగంలో ఇదెంత తిరకాసో చూడండి.

గంటస్తంభం
మరి ఫిక్స్ చేసుకునే సౌకర్యం దానికే ఉంది కదండీ. శ్రీకాకుళంలో కన్ఫోకల్ అందుబాటులో లేకపోతే విశాఖ పట్టుకుపోవాలి. బతికున్న కణాలని బస్సులో ఎలా తీసుకెళ్తారు?

చీకటిగది
ఆ మాట ఒప్పుకుంటాను. ఆకారం కోసం, అంటే దారాలా ముక్కలా అన్నదానికి, సీఎమ్‌ఎక్స్‌రాస్ వేసి ఫిక్స్ చేసి తీసుకెళ్ళండి. 37 డిగ్రీలకి వెచ్చబెట్టిన 4 శాతం ఫార్మాల్డిహైడ్, 15 నిమిషాలు. చల్లటిది పోస్తే మైటోకాండ్రియా ఆ చలికే ముక్కలవుతాయి. పొరలకి చిల్లులు పెట్టే ట్రైటాన్ వేస్తే వెలుగు కొంత తగ్గుతుంది, రేకు చుట్టిన డబ్బాలో పెట్టి వారంలోపు చూసెయ్యండి.

పొటెన్షియల్ కొలవాలంటే మాత్రం టీఎంఆర్‌ఎం అనే రంగు. అది ఎక్కడా అతుక్కోదు, ఆవేశాన్ని బట్టి లోపలికీ బయటికీ తిరుగుతూ ఉంటుంది. టీఎంఆర్‌ఎం, లైసోజోమ్‌లకి వేసే లైసోట్రాకర్, మైటోట్రాకర్ గ్రీన్, ఈ మూడూ ఫిక్స్ చేస్తే కారిపోతాయి, వాటిని అక్కడికక్కడే చూడాలి.

తోటపల్లి_కాలువ
ఈ రంగుల గొడవంతా ఎందుకు? పచ్చగా మెరిసే ప్రోటీన్ జీఎఫ్‌పీకి, మైటోకాండ్రియాకి దారి చూపే కాక్స్8 సిగ్నల్ తగిలించి లోపలికి పంపండి. లోపలికి చేరాక పొటెన్షియల్‌తో పనిలేదు, కడగటం లేదు. 2008లో నోబెల్ ఊరికే ఇవ్వలేదు షిమొమురా, చాల్ఫీ, సియెన్‌లకి.

చీకటిగది
జీఎఫ్‌పీ ఆకారానికి బంగారం. కానీ ఎక్కువ తయారైతే మైటోకాండ్రియా దానివల్లే ఉబ్బి ముద్దకడతాయి, అన్ని కణాలూ ఒకే మోతాదులో తీసుకోవు. బాగా మెరిసే కణాన్ని చూసి ఫొటో తీస్తాం, జబ్బు చేసింది కూడా అదే. లైసోజోమ్ లోపలికి మామూలు ఈజీఎఫ్‌పీ పంపితే ఆమ్లానికి ఆరిపోతుంది, దాని పీకేఏ (వెలుగు సగానికి పడిపోయే పీహెచ్) 6 దగ్గర. అక్కడ ఎర్రగా మెరిసే ఎంచెర్రీ లాంటిది కావాలి.

తోటపల్లి_కాలువ
సరే, ఆకారానికి బంగారం అన్నారుగా, అది చాలు నాకు.

డిగ్రీ_మేష్టారు
మాది డిగ్రీ కాలేజీ, బొబ్బిలి దగ్గర. కణాల కల్చర్ లేదు, ఇంక్యుబేటర్ లేదు. పాత ఫ్లోరెసెన్స్ మైక్రోస్కోప్ ఒకటుంది, నీలి ఫిల్టర్ పనిచేస్తుంది. మూడో ఏడాది పిల్లలకి బతికున్న కణాంగాలు చూపించే దారుందా?

చీకటిగది
ఉంది మేష్టారూ, ఉల్లిపాయ. డైఆక్‌6 అనే రంగు, సామాన్లు అమ్మేవాళ్ళు డీఐఓసీ6(3) అని రాస్తారు. ఇథనాల్‌లో మి.లీ.కి 0.5 మి.గ్రా. స్టాక్ చేసుకోండి. అందులోంచి 2 మైక్రోలీటర్లు తీసి 1 మి.లీ. నీళ్ళలో కలిపితే మి.లీ.కి 1 మైక్రోగ్రాము. ఉల్లిరేకు లోపలివైపు, అంటే గిన్నెలా గుంటగా ఉన్న వైపు పల్చటి పొర తీసి, మడత పడకుండా ఆ నీళ్ళలో పది నిమిషాలు తేల్చి, మామూలు నీళ్ళలో ఒకసారి ముంచి చూడండి. నీలి వెలుగులో పచ్చగా ఈఆర్ (ఎండోప్లాస్మిక్ రెటిక్యులం) వల కనిపిస్తుంది, ఒక్క క్షణం నిలకడగా ఉండదు, గొట్టాలు సాగుతూ విడిపోతూ ఉంటాయి. పిల్లలు అరుస్తారు.

ఇదే రంగు అసలు పాఠం కూడా చెబుతుంది. నానోమోలార్ మోతాదులో వేస్తే మైటోకాండ్రియాకే పోతుంది. మోతాదు పెంచితే ఈఆర్‌కి పాకుతుంది. సీసా ఒకటే, రంగు ఒకటే, చూపించే కణాంగం వేరు.

జీడిపప్పు
ఉల్లిపాయ ధర ఎంతుందో చూసారా మేష్టారూ? రంగు కన్నా అదే ఖరీదు ఈ నెల.

నాగావళి_గట్టు
ఉల్లి లేకపోతే చెరువులో హైడ్రిల్లా అనే నీటిమొక్క. ఏ రంగూ అక్కర్లేదు, నీలి వెలుగు వేస్తే క్లోరోప్లాస్ట్‌లు ఎర్రగా మెరుస్తాయి, క్లోరోఫిల్ సొంత వెలుగు 680 దగ్గర. కానీ ఆకుపచ్చ కణాల్లో ఎర్ర రంగులు వాడబోయి అందరూ ఇక్కడే బోల్తాపడతారు. మైటోట్రాకర్ డీప్ రెడ్ 665 దగ్గర మెరుస్తుంది, క్లోరోఫిల్‌తో కలిసిపోతుంది. రంగు వెయ్యని ఆకు పక్కన పెట్టుకోకపోతే క్లోరోప్లాస్ట్‌నే మైటోకాండ్రియా అని రికార్డులో గీసేస్తారు.

డిగ్రీ_మేష్టారు
ఆక్రిడిన్ ఆరెంజ్ మా దగ్గర ఉంది, లైసోజోమ్‌లు ఎర్రగా కనిపిస్తాయంటారు కదా.

చీకటిగది
కనిపిస్తాయి. ఆమ్లం ఉన్న సంచుల్లో రంగు పోగై ఎర్రగా, కేంద్రకంలో డీఎన్‌ఏ మీద పచ్చగా. మి.లీ.కి 1–5 మైక్రోగ్రాములు, పది నిమిషాలు. కానీ నీలి వెలుగు ఎక్కువసేపు పడితే లైసోజోమ్‌లు పగిలి, ఎర్రచుక్కలు పోయి అంతా పచ్చగా అవుతుంది. అదొక మంచి ప్రదర్శన, కొలతకి మాత్రం పనికిరాదు. డీఎన్‌ఏకి అంటుకునే రంగు కాబట్టి పిల్లలకి గ్లవ్స్ తప్పనిసరి.

ఉద్దానం_నీరు
గాజు డిష్ తెప్పించాం. 50 నానోమోలార్ సీఎమ్‌ఎక్స్‌రాస్, 20 నిమిషాలు. దారాలు వచ్చాయి!! అంచున చాలా స్పష్టంగా ఉన్నాయి. అయితే అక్క చెప్పినట్టు టీఎంఆర్‌ఎం కూడా మొదలుపెట్టాం, 20 నానోమోలార్, 30 నిమిషాలు, మూడుసార్లు కడిగి చూస్తే మొదట బాగుంది. పదిహేను నిమిషాల్లో వెలుగు సగం కూడా లేదు. షట్టర్ మూసే ఉంచాం, కాబట్టి లాంప్ కాదు.

గంటస్తంభం
కడిగారా! టీఎంఆర్‌ఎంని కడగమని ఎవరు చెప్పారు?

చీకటిగది
అదే. ఇది సమతుల్యంలో ఉండే రంగు. లెక్క చూడండి: 37 డిగ్రీల్లో ప్రతి 61 మిల్లీవోల్టులకి పది రెట్లు లోపలికి చేరుతుంది. కణం బయటి పొర దగ్గర సుమారు 60 మిల్లీవోల్టులు, అంటే బయట 20 నానోమోలార్ ఉంటే సైటోప్లాజంలో 200. మైటోకాండ్రియా దగ్గర 180 అనుకుంటే ఇంకో వెయ్యి రెట్లు, లోపల దాదాపు 200 మైక్రోమోలార్. మీరు బయటి 20ని తీసేస్తే లోపలిది కూడా మెట్టు మెట్టుగా దిగిపోక ఏం చేస్తుంది? చూసే మీడియంలో కూడా అదే 20 నానోమోలార్ ఉండాలి, ప్రయోగం పూర్తయ్యేదాకా.

ఇదే లెక్కలో ఇంకో ఇరకాటం ఉంది. బోరునీళ్ళు కణం బయటి పొర పొటెన్షియల్‌ని మార్చినా టీఎంఆర్‌ఎం తగ్గుతుంది, మైటోకాండ్రియా పాపం ఏమీ చెయ్యకపోయినా.

గంటస్తంభం
అలాగే 100 నానోమోలార్ పైన వేస్తే రంగు లోపల దట్టమై తన వెలుగు తనే ఆర్పుకుంటుంది, క్వెంచ్ అంటారు. అప్పుడు పొటెన్షియల్ పడేసే ఎఫ్‌సీసీపీ పోస్తే వెలుగు ముందు పెరుగుతుంది! తక్కువ మోతాదులో పోస్తే తగ్గుతుంది. ఏ పద్ధతిలో ఉన్నారో తెలియకుండా గ్రాఫ్ గీస్తే తలకిందులు.

ఉద్దానం_నీరు
మీడియంలో 20 ఉంచి చూశాం. ఇప్పుడు నిలుస్తోంది గానీ మసకగా ఉంది. పక్కింటి ల్యాబ్‌వాళ్ళ హెలా (క్యాన్సర్) కణాల్లో అదే రంగు, అదే మోతాదు, వెలిగిపోతోంది. మా కణాల్లో ఒకటి ప్రకాశంగా, పక్కది చీకటి.

నాగావళి_గట్టు
మూత్రపిండం కణాలు కదా. పంపులు.

చీకటిగది
నాగావళి గారు ఒక్కమాటలో తేల్చారు. ప్రాక్సిమల్ ట్యూబ్యూల్ కణం పనే బయటి మందుల్ని తోసెయ్యటం. పీ-గ్లైకోప్రోటీన్ అనే పంపుకి రోడమీన్ 123 అనే రంగు పాత చుట్టం, ఆ పంపు పనిచేస్తోందా అని పరీక్షించేదే దాంతో. టీఎంఆర్‌ఎం, మైటోట్రాకర్ గ్రీన్ కూడా దానికి దొరుకుతాయి. కేంద్రకానికి వేసే హోక్స్ట్ 33342ని కూడా ఈ జాతి పంపులు తోసేస్తాయి. ఒక కణంలో పంపు ఎక్కువ, ఒకదాంట్లో తక్కువ, కాబట్టి ఒకటి వెలుగు ఒకటి చీకటి.

ఆ పంపుని ఆపే మందు వెరాపమిల్ 10 మైక్రోమోలార్‌తో 15 నిమిషాలు ముందు ఉంచి, రంగుతో పాటు కూడా ఉంచి చూడండి. చీకటి కణాలు వెలిగాయంటే పంపే దొంగ. తేల్చుకున్నాక అన్ని డిష్‌లకీ అదే మోతాదు వెరాపమిల్ ఉండాలి, అది క్యాల్షియం చానళ్ళని కూడా మూస్తుంది కనుక. సైక్లోస్పోరిన్-ఏ అనే మందు మాత్రం వాడొద్దు, అది పంపుతో పాటు మైటోకాండ్రియా రంధ్రాన్ని కూడా మూసేస్తుంది, మీరు కొలవబోయేదాన్నే మార్చేస్తుంది.

గంటస్తంభం
అసలు ప్రమాదం ఇక్కడుంది చూడండి. బోరునీళ్ళు తగిలిన కణం ఒత్తిడికి పంపులు పెంచుకుందనుకోండి. వెలుగు తగ్గుతుంది. మీరు పొటెన్షియల్ పడింది, మైటోకాండ్రియా దెబ్బతింది అని రాస్తారు. ఉద్దానం జబ్బుకి కారణం ఇంకా తేలని చోట అలాంటి మాట పేపర్లోకి ఎక్కితే మళ్ళీ దించలేం. ఇందాక సీఎమ్‌ఎక్స్‌రాస్ చాలన్నది నేనే, ఆ మాట వెనక్కి తీసుకుంటున్నా.

జీడిపప్పు
గంటస్తంభం మొదటిసారి టైం మార్చుకుంది. స్క్రీన్‌షాట్ తీసుకోండహె.

అరసవల్లి_కిరణం
నీళ్ళ వైపు నుంచి రెండు మాటలు. ఒకటి, భూగర్భజలంలో హ్యూమిక్ పదార్థాలుంటే వాటికి సొంత మెరుపు ఉంటుంది, 350 దగ్గర వెలిగిస్తే 450 దగ్గర నీలంగా. అది సరిగ్గా హోక్స్ట్ మెరిసే రంగు గది. రంగు వేసే ముందు కణాలని వెచ్చటి బఫర్‌తో రెండుసార్లు కడగాలి, రంగు వెయ్యని, నీళ్ళు మాత్రం తగిలిన డిష్ ఒకటి కంట్రోల్‌గా ఉండాలి.

రెండు, నీళ్ళని మీడియంలో 10 శాతం, 20 శాతం అని కలుపుతున్నారా? అప్పుడు ఉప్పు, గ్లూకోజ్ పలచనవుతాయి, కణం ఉబ్బుతుంది. పొడి మీడియం కొని ఆ నీళ్ళతోనే చేసి, పీహెచ్ 7.4కి తెచ్చి, 0.22 మైక్రాన్ ఫిల్టర్‌లో వడకట్టండి. కరిగినవాటి మొత్తం గాఢత కొలిచే ఆస్మోమీటర్ ఉంటే చూసుకోండి, 280–300 మిల్లీఆస్మోల్స్ ఉండాలి. గట్టినీళ్ళయితే ఫాస్ఫేట్‌తో క్యాల్షియం తెల్లగా దిగిపోవచ్చు, అది దిగిన మీడియం వాడొద్దు.

ఉద్దానం_నీరు
20 శాతం కలుపుతున్నాం... కంట్రోల్‌లో ఏమీ కలపట్లేదు.

అరసవల్లి_కిరణం
అయితే ఇప్పటిదాకా వచ్చిన తేడాలన్నీ పక్కన పెట్టెయ్యండి. కంట్రోల్‌కి అదే 20 శాతం శుద్ధమైన నీళ్ళు కలపాలి, కనీసం.

తోటపల్లి_కాలువ
లైసోజోమ్ కూడా చూడాలనుకుంటే? ప్రాక్సిమల్ ట్యూబ్యూల్‌లో అదీ ముఖ్యమే కదా.

చీకటిగది
లైసోట్రాకర్ రెడ్ వద్దు, టీఎంఆర్‌ఎం గదిలోనే పడుతుంది, 577 వెలిగిస్తే 590. లైసోట్రాకర్ డీప్ రెడ్ తీసుకోండి, 50 నానోమోలార్. ఎక్కువసేపు ఉంచొద్దు. అది క్షారగుణం ఉన్న రంగు, లోపల పోగై ఆ ఆమ్లాన్నే తగ్గించేస్తుంది. నిజంగా ఆమ్లాన్నే చూస్తున్నారా అని తేల్చడానికి ఒక డిష్‌కి ముందుగా లైసోజోమ్‌లో ఆమ్లం చేరకుండా ఆపే బాఫిలోమైసిన్ ఏ1, 100 నానోమోలార్, గంట. చుక్కలు పోవాలి.

అరసవల్లి_కిరణం
డీప్ రెడ్‌తో ఒక తమాషా. ఐపీస్‌లోంచి చూసి రంగు అంటలేదంటారు. ఆ ఎరుపు మన కంటికి సరిగా ఆనదు, కెమెరాతో చూడాలి. పైగా మెర్క్యురీ లాంప్‌కి 546, 579 దగ్గర గట్టి గీతలుంటాయి గానీ 640 దగ్గర బలం లేదు. ఎక్స్‌పోజర్ పెంచాలి, లేదా ఎల్‌ఈడీ లాంప్ కావాలి.

లాంప్ మాట వచ్చింది కాబట్టి: వెలిగించాక అరగంట ఆర్పొద్దు, ఆరిపోయాక చల్లారేదాకా మళ్ళీ వెలిగించొద్దు. మన కరెంటుకి ఈ నియమం తెలీదు. వేడిగా ఉన్నప్పుడు కరెంటు వచ్చిందని స్విచ్ వేస్తే లాంప్ ఆయుష్షు తగ్గుతుంది, పగిలే ప్రమాదం కూడా ఉంది, లోపల పాదరసం. యూపీఎస్ మైక్రోస్కోప్‌కి కాదు, ముందు లాంప్‌కి పెట్టండి.

జీడిపప్పు
తిత్లీ తుఫాను వచ్చినప్పుడు పలాసలో కరెంటు ఎన్నాళ్ళు లేదో గుర్తుందా? మైనస్ 20 కూడా యూపీఎస్‌కి కలపండి. రంగులు కాదు, అందులో గైడ్‌గారి ఐస్‌క్రీం ఉంటాది.

చీకటిగది
ల్యాబ్ ఫ్రీజర్లో ఐస్‌క్రీం పెట్టేవాళ్ళకి ఆక్రిడిన్ ఆరెంజ్ పూత పూసి పంపాలి.

ఉద్దానం_నీరు
వెరాపమిల్ పనిచేసింది. చీకటి కణాలు మూడొంతులు వెలిగాయి. కంట్రోల్‌కి శుద్ధజలం కలిపాం. ఇక ఆఖరి అనుమానం. కంట్రోల్ కోసం ఎఫ్‌సీసీపీ 1 మైక్రోమోలార్ పోశాం, టీఎంఆర్‌ఎం అసలు తగ్గలేదు. అంటే మేం చూస్తున్నది పొటెన్షియల్ కాదా?

గంటస్తంభం
మీడియంలో సీరం ఎంత?

ఉద్దానం_నీరు
10 శాతం.

గంటస్తంభం
సీరంలోని ఆల్బుమిన్ ఎఫ్‌సీసీపీని మింగేసింది. సీరం లేని బఫర్‌లో, 20 మిల్లీమోలార్ హెపీస్, 5 మిల్లీమోలార్ గ్లూకోజ్, క్యాల్షియం మెగ్నీషియం ఉన్నది, ఫినాల్ రెడ్ లేనిది, అందులో 1–2 మైక్రోమోలార్ చాలు. సీరం తప్పదంటే 10 దాకా పోవాల్సి వస్తుంది. టీఎంఆర్‌ఎం అందులోనూ 20 ఉండాలి, మర్చిపోవద్దు. పోశాక 5–10 నిమిషాలు ఆగి చూడండి, దారాలు పోయి కణమంతా పల్చటి మసక రావాలి.

చీకటిగది
సీఎమ్‌ఎక్స్‌రాస్ డిష్‌కి మాత్రం ఎఫ్‌సీసీపీ రంగుకి పది నిమిషాల ముందు పొయ్యాలి. రంగు అతుక్కున్నాక పోస్తే ఏమీ జరగదు, మళ్ళీ ఇక్కడికే వచ్చి అడుగుతారు.

ఉద్దానం_నీరు
సీరం తీసేసి 2 మైక్రోమోలార్ పోశాం. ఏడు నిమిషాలకి దారాలు మాయం. మొదటి రోజు మేం చూసిన ఎర్రమబ్బు లాగే ఉంది, న్యూక్లియోలైతో సహా, బాగా మసగ్గా.

జీడిపప్పు
ఇన్నాళ్ళు కష్టపడి మళ్ళీ మబ్బే తెచ్చుకున్నారు. ఈసారి కావాలని.